తాత చిన్నాన్న పేరు కోసం తొమ్మిది నెలలు: 1942 కాన్వాయ్ వెనకాల నా అనుభవం

ఈ ఏడు సంక్రాంతికి నేను ఓడ దిగి ఇంటికొచ్చాను. నేను బల్క్ క్యారియర్‌లో (బొగ్గు, ధాన్యం లాంటి సరుకు మోసే ఓడలో) సెకండ్ ఇంజనీర్‌ని. మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు పల్లెటూరు. భోగి నాటి రాత్రి మా తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు: "ఒరే అబ్బాయ్, నువ్వు అన్ని దేశాలూ తిరుగుతావు కదా. మా చిన్నాన్న పేరు ఎక్కడన్నా రాశారేమో చూడరా." తాతకి తొంభై ఏళ్లు. తను అడిగిన మొదటి పని ఇది. కాదనలేకపోయాను.

తొమ్మిది నెలలు పట్టింది. మన వైపు నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి, కలకత్తా వెళ్లి ఓడలెక్కినవాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధంలో పోయిన అలాంటివాళ్ల కోసం ఎవరైనా వెతుకుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మా దగ్గర ఉన్నది ఇంతే. ముత్తాత, ఆయన తమ్ముడు ఇద్దరూ రంగంలో లాంచీల మీద పనిచేశారు. జపాన్ వాళ్లు రంగం పట్టుకోకముందే కలకత్తా చేరి, అక్కడ సరంగుల (ఓడ పనివాళ్ల మేస్త్రీల) చేతి కింద ఓడెక్కారు. ముత్తాత పైన డెక్ మీద కళాసీ. తమ్ముడు కింద బాయిలర్ దగ్గర. 1942లో దసరాకీ దీపావళికీ మధ్య ఎప్పుడో ఆఫ్రికా వైపు ఓడ మునిగింది. ముత్తాత 1943లో ఒక బూడిద రంగు ఉన్ని దుప్పటితో ఇంటికొచ్చాడు. తమ్ముడు రాలేదు. ముత్తాత ఆ సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదట. రెండు మాటలే తాతకి గుర్తున్నాయి. ఒకటి "పిరీటోను" అనే ఊరు. రెండోది "పువ్వు ఓడ ఎక్కించుకుంది" అనే మాట. ఆ పువ్వు ఓడ మాట విని, భయంతో ఆయనకి మతి చెదిరిందనుకున్నారట ఇంట్లోవాళ్లు.

దుప్పటి ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. అంచులు పురుగు తినేసింది. మడత విప్పితే ఇంకా కర్పూరం వాసన. దాని కిందే పాత భాగవతం పుస్తకంలో రెండు మనియార్డరు కూపన్లు దొరికాయి. కలకత్తా నుంచి చిన్నాన్న భార్య పేరు మీద వచ్చినవి. పంపినవాడి పేరు ఇంగ్లీషులో, నీలం సిరాతో, ఎవరో గుమాస్తా రాసింది. ముందున్న "అప్పల" ఎగిరిపోయింది. మిగిలిన సగం కూడా బెంగాలీ చెవికి విన్నట్టు రాశాడు. ఇంటిపేరు అసలే లేదు. అప్పుడు ఆ కూపన్లకి నేను పెద్ద విలువ ఇవ్వలేదు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నానంతే. చివరికి పని జరిగింది వాటివల్లే.

జనవరి 20 నుంచి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకడం మొదలుపెట్టాను. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోయినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. వెతకడం ఉచితం. మనం పలికే పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా కొట్టాను. రెండు వారాలు ఏమీ రాలేదు. రోజూ సాయంత్రం తాత "దొరికిందా?" అని అడిగేవాడు, నేను లేదనేవాడిని. ఆ రెండు వారాలు చాలా బాధగా గడిచాయి.

తర్వాత పేరు వదిలేశాను. మర్చంట్ నేవీ (సరుకు ఓడలవాళ్లు) అని, చనిపోయిన తేదీ 1942 అక్టోబరు అని, స్మారకం ముంబై లేదా చిట్టగాంగ్ అని పెట్టి వెతికాను. భారతీయ నావికుల్లో సమాధి లేనివాళ్ల పేర్లు ఆ రెండు చోట్లే ఉంటాయి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నాకు రెండు వారాలు మిగిలేవి. మీరు కూడా పేరుతో మొదలుపెట్టకండి, తేదీతో మొదలుపెట్టండి.

జాబితా వచ్చింది. చదువుతూ పోతుంటే ఒళ్లు జలదరించింది. ఒకే తేదీ, ఒకే ఓడ, వరసగా పేర్లు. ఫైర్‌మన్ (బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు), ట్రిమ్మర్ (బొగ్గు మోసి అందించేవాడు), గ్రీజర్ (యంత్రాలకి నూనె పెట్టేవాడు), భండారీ (వంటవాడు). నేను రోజూ పక్కన నిలబడి పనిచేసేవాళ్లకి ముందుతరం హోదాలే. మనవాళ్లు వాడుకలో ఫైర్‌మన్‌ని ఆగ్‌వాలా అనేవారు. ఓడ మునిగిన రాత్రి ఎవరెవరు కింద డ్యూటీలో ఉండి ఉంటారో ఆ హోదాలు చూస్తేనే నాకు అర్థమైంది. టార్పెడో ఇంజన్ రూం దగ్గర తగిలితే ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. పైకి రావడానికి ఇనుప మెట్లు, ఆవిరి గొట్టాలు పగిలి ఉంటాయి, లైట్లు పోతాయి.

అయితే అక్టోబరులో మునిగిన ఓడలు చాలా ఉన్నాయి. ఏది మాది?

ఇక్కడే పువ్వు ఓడ ఉపయోగపడింది. కాన్వాయ్‌లకి, అంటే గుంపుగా వెళ్లే ఓడలకి, కాపలాగా వెళ్లిన కార్వెట్‌లనే చిన్న యుద్ధనౌకల గురించి చదువుతుంటే తెలిసింది, వాటిలో ఒక రకానికి బ్రిటిష్ నౌకాదళం పువ్వుల పేర్లే పెట్టింది. అవి వందకు పైగా ఉన్నాయి. అది చదివి లేచి వెళ్లి తాతని నిద్ర లేపాను. "మీ నాన్న సరిగ్గానే చెప్పాడు తాతా, నిజంగానే పువ్వు ఓడలున్నాయి" అన్నాను. తాత మాట్లాడలేదు. కొంచెం సేపటికి "అయితే నాన్నకి మతి చెడలేదన్నమాట" అన్నాడు. ఎనభై ఏళ్లకు పైగా ఆ అనుమానం ఆయన మనసులో ఉందని నాకప్పుడే తెలిసింది.

రెండో మాట పిరీటోను. అది ఫ్రీటౌన్, పశ్చిమాఫ్రికాలో సియెరా లియోన్ రేవు. మధ్యధరా దారి మూసుకుపోవడంతో కలకత్తా నుంచి ఇంగ్లండ్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి ఫ్రీటౌన్ చేరి, అక్కడ గుంపుగా కలిసి ఉత్తరానికి బయల్దేరేవి. ఆ గుంపుల పేర్లు ఎస్ఎల్ అని మొదలవుతాయి. 1942 అక్టోబరు 16న ఫ్రీటౌన్ నుంచి బయల్దేరిన ఎస్ఎల్ 125 మీద యూబోట్‌లు (జర్మన్ జలాంతర్గాములు) అదే నెల 27 నుంచి 31 వరకు వెంటపడి దాడి చేశాయి. పన్నెండు ఓడలు పోయాయి. దాడి నాటికి కాపలాకి ఉన్నవి నాలుగే కార్వెట్‌లు: పెట్యూనియా, కౌస్లిప్, క్రోకస్, వుడ్‌రఫ్. నాలుగూ పువ్వుల పేర్లే.

ఆ కాన్వాయ్ ఓడల్లో చనిపోయినవాళ్ల జాబితా తీసి, కూపన్ ఫొటో పక్కన పెట్టుకుని ఒక్కో పేరు చూశాను. ఫిబ్రవరి 16, ఆదివారం, రాత్రి పదకొండు దాటాక దొరికింది. అక్షరం అక్షరం కూపన్‌లో ఉన్నట్టే. అదే తప్పు స్పెల్లింగ్. ఫైర్‌మన్. చనిపోయిన తేదీ 1942 అక్టోబరు 28. తండ్రి పేరు లేదు, ఊరు లేదు. ఓడ పేరు ఇక్కడ రాయను. ఆ రాత్రి దానితో పాటు పోయినవాళ్ల ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయి, వాళ్లకి ఈ కబురు ఇలా తెలియడం నాకిష్టం లేదు.

ఏడ్చాను. ఎందుకో తెలియదు, నేనెప్పుడూ చూడని మనిషి.

మార్చిలో ముంబైలో రిఫ్రెషర్ కోర్సు ఉంది. మస్జిద్ బందర్‌లోని ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లోనే ఆ స్మారకం ఉందని తెలిసి ముందే ఈమెయిల్ పెట్టాను. జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆగలేక మార్చి 9న ఆదివారం వెళ్లాను, చూడటం కుదరలేదు. 11న మంగళవారం మళ్లీ వెళ్లాను. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన దాదాపు 6,500 మంది నావికుల పేర్లు అక్కడ పుస్తకంగా ఉన్నాయి. చిట్టగాంగ్‌లో ఉన్న పుస్తకంలోనూ అవే పేర్లు. పేజీ తిప్పుతుంటే నా చెయ్యి వణికింది. పేరు దొరికాక దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. తోడొచ్చిన పెద్దాయన వరండాలోకి వెళ్లి నన్ను ఒంటరిగా వదిలేశాడు. ఆ మర్యాద మరిచిపోలేను. ఖర్చు ఆటోలకి ఐదారు వందలు, అంతే.

ఇంతటితో ఆగిపోయి ఉండొచ్చు. కానీ తాత అడిగాడు, "ఎలా పోయాడో రాశారా?" అని.

దానికోసం లండన్‌లో పాత ప్రభుత్వ కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. మా పెదనాన్న కూతురు రీడింగ్‌లో ఉంటుంది కాబట్టి బస ఖర్చు తప్పింది. ఏప్రిల్ 21న హైదరాబాద్‌లో విజిటర్ వీసాకి ఇచ్చాను. అప్పుడు ఫీజు 127 పౌండ్లు, మన డబ్బుల్లో పదిహేను వేలకు అటూఇటూ. 22 రోజులకి పాస్‌పోర్టు చేతికొచ్చింది. టికెట్లు, పై ఖర్చులు కలిపి లక్షా పదివేలు దాటింది. ఇంత డబ్బు పెట్టలేనివాళ్లు కంగారు పడకండి. ఓడ ఎప్పుడు ఏ రేవులో ఉందో చూపించే మూవ్‌మెంట్ కార్డులు ఇంటి నుంచే కొద్ది డబ్బుతో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫలానా ఫైలు కావాలని చెప్పి కాపీలు కూడా తెప్పించుకోవచ్చు.

రీడింగ్ నుంచి రైల్లో రిచ్‌మండ్, అక్కణ్నించి ఒక్క స్టేషన్ దూరం క్యూ గార్డెన్స్. ఆర్కైవ్స్‌కి ఆది, సోమవారాలు సెలవు. జూన్ 10, మంగళవారం వెళ్లాను. రీడర్స్ టికెట్ ఉచితం. పాస్‌పోర్టుతో పాటు చిరునామా ఉన్న కాగితం అడుగుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకెళ్లాను కాబట్టి సరిపోయింది. లోపలికి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. నీళ్ల సీసా, బ్యాగు లాకర్‌లో పెట్టి, కావలసినవి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేసుకోవాలి. ఫొటోలు ఫోన్‌తో ఎన్నైనా తీసుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు. ఈ సంగతి తెలియక నేను జిరాక్స్ కోసం చిల్లర మార్చుకుని వెళ్లాను. ఫైళ్ల నంబర్లు వారం ముందే ఆన్‌లైన్‌లో పెట్టి ఉంచడం వల్ల వెళ్లేసరికి సిద్ధంగా ఉన్నాయి.

మొదట సిబ్బంది జాబితా ఉన్న పెట్టె తెరిచాను. బీటీ 381 వరస. అందులో కెప్టెన్, ఇంజనీర్లు, రేడియో ఆఫీసర్ అందరి పేర్లు, పుట్టిన ఊళ్లు, ఇంటి చిరునామాలు, సంతకాలు ఉన్నాయి. కళాసీల జాబితా లేదు. మూడుసార్లు తిప్పి చూసి కౌంటర్ దగ్గరికి వెళ్లాను. భారతీయ సిబ్బందిని వేరే అగ్రిమెంటు మీద కలకత్తా, బొంబాయిల్లో చేర్చుకునేవాళ్లని, ఆ కాగితాలు చాలావరకు ఇక్కడికి రాలేదని అక్కడి ఆవిడ చెప్పింది. చాలా నొచ్చుకుంటూ చెప్పింది. కోపం ఆవిడ మీద రాలేదు. జీతం కూడా వేరుగానే ఉండేది. యుద్ధం మొదట్లో తెల్ల నావికుడి జీతంలో నాలుగో వంతో ఐదో వంతో ఇచ్చేవాళ్లు. దాని మీదే 1939లో మన నావికులు ఎన్నో రేవుల్లో సమ్మె చేశారు. ఒకే నీళ్లలో, ఒకే టార్పెడో ముందు నిలబడ్డవాళ్లు.

తర్వాత ఫైలు ఏడీఎమ్ 199. మునిగిన ఓడల నుంచి బతికొచ్చిన ఆఫీసర్లని కూర్చోబెట్టి అడిగి రాసుకున్న రిపోర్టులు. పల్చటి కాగితం మీద టైపు చేసినవి, పట్టుకుంటే ఉల్లిపొరలా అనిపించింది. మా ఓడది మూడు పేజీలు. ఫోన్ బయటికి తీయకుండా ముందు చేత్తో పట్టుకుని చదివాను.

రాత్రి, సముద్రం అలజడిగా ఉంది. ఓడ తన వరసలోనే వెళ్తోంది. కాన్వాయ్‌లో వెళ్లడమంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. సోమాలియా దొంగల భయంతో ఏడెన్ సింధుశాఖలో ఓడలు గుంపుగా వెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. పక్క ఓడ లైటు చూసుకుంటూ దూరం తగ్గకుండా, పెరగకుండా ఇంజన్ నడపాలి. ఓడ నడిపే బ్రిడ్జి మీద నుంచి నిమిషానికోసారి ఆర్‌పీఎం (ఇంజన్ వేగం) మార్చమంటారు, కిందవాళ్ల ప్రాణం పోతుంది. వీళ్లు లైట్లు ఆర్పేసి, చీకట్లో, పన్నెండు రోజులు అలా నడిపారు. పక్క ఓడకి టార్పెడో తగిలినా ఆగకూడదు. ఆగితే తరవాత దెబ్బ తమకే. 27న స్టెంటర్ అనే ఓడ పోయినప్పుడు దాని టాంకుల్లో నూనె అంటుకుని బ్రిడ్జి దాకా మంటలు ఎగసి, ఎనిమిది నిమిషాల్లో మునిగింది. వెనక వస్తున్నవాళ్లంతా ఆ మంట చూసి ఉంటారు. మర్నాడు మళ్లీ డ్యూటీకి కిందికి దిగాలి. మా చిన్న ముత్తాత ఆ మెట్లు దిగాడు. ఆ రిపోర్టు మొత్తంలో నన్ను కుదిపేసింది ఇదే, రిపోర్టులో రాయని విషయం.

టార్పెడో ఎడమ వైపు, బాయిలర్ల దగ్గర తగిలిందని ఉంది. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లలో ఎవరూ పైకి రాలేదని ఉంది. ఎంతమందో అంకె ఉంది. "నేటివ్ క్రూ" అని ఉంది. ఆఫీసర్లకి పేర్లున్నాయి, వీళ్లకి అంకె ఉంది. కింద చివరి పేరాలో, తెప్పల మీద ఉన్నవాళ్లని తెల్లవారేలోపు క్రోకస్ ఎక్కించుకుందని ఉంది. క్రోకస్ అంటే ఏమిటని ఫోన్‌లో చూశాను. కుంకుమపువ్వు జాతి.

బయటికొచ్చి చెరువు గట్టున కూర్చుని తాతకి వీడియో కాల్ చేశాను. మన దగ్గర రాత్రి తొమ్మిదయ్యింది. "కింద డ్యూటీలో ఉన్నాడు తాతా. వెంటనే పోయుంటాడు" అన్నాను. వెంటనే అన్న మాట రిపోర్టులో లేదు. నా వృత్తి అనుభవం మీద చెప్పాను. తప్పో ఒప్పో, మళ్లీ అడిగినా అదే చెబుతాను. పువ్వు పేరు కుంకుమపువ్వు అని చెప్పగానే మాత్రం తాత ముఖం వెలిగింది.

12న మళ్లీ వెళ్లి కాన్వాయ్ ఫైలు చూశాను. ఓడలు ఎక్కడెక్కడ నడవాలో గళ్లు గీసిన కాగితం ఉంది. మా ఓడ గడి మీద పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. పక్కన ఇంకో గడి, దాని వెనకది కూడా. ఆ ఒక్క రాత్రే కాన్వాయ్ కమోడోర్ (గుంపులోని సరుకు ఓడలన్నిటికీ పెద్ద) ఉన్న నాగ్‌పూర్ అనే ఓడ కూడా పోయింది. కమోడోర్ రెయిన్ బతికాడు.

ఈ యూబోట్‌లన్నీ ఎస్ఎల్ 125 వెంట పడి ఉండగా, ఉత్తర ఆఫ్రికాలో దిగబోయే సైన్యాన్ని మోసుకెళ్తున్న పెద్ద కాన్వాయ్‌లు ఆ నీళ్ల మీదుగానే క్షేమంగా వెళ్లిపోయాయి. నవంబరు 8న సైన్యం దిగింది. ఓడలు పోగొట్టుకున్నందుకు తనని అభినందించడం అదొక్కసారేనని రెయిన్ తర్వాత అన్నాడని చెబుతారు. కావాలనే ఎర వేశారని రాసినవాళ్లున్నారు. నేను చూసిన కాగితాల్లో దానికి ఆధారం కనిపించలేదు, కాబట్టి ఆ మాట నేననను. కానీ దాడి నాటికి అన్ని ఓడలకి నాలుగు చిన్న కార్వెట్‌లే కాపలా ఉన్నాయన్నది కాగితం మీద ఉంది. చాలినన్ని కాపలా ఓడలు ఇచ్చి ఉంటే 28వ తేదీ రాత్రి వేరుగా ఉండేదేమో. ఆ మాట అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

14న శనివారం టవర్ హిల్ వెళ్లాను. సముద్రంలో పోయిన మర్చంట్ నేవీ వాళ్ల స్మారకం అక్కడుంది, రెండో యుద్ధానివే దాదాపు 24,000 పేర్లు. మా ఓడ పేరు కింద కెప్టెన్, ఆఫీసర్ల పేర్లు కంచు పలక మీద చదివాను. ఆగ్‌వాలాలు లేరు. వాళ్లు ముంబై పుస్తకంలో ఉన్నారు. ఒకే ఓడవాళ్లు రెండు ఖండాల్లో ఉన్నారు. నేను ఊరి నుంచి పసుపు, కుంకుమ తీసుకెళ్లాను. కుంకుమ కొంచెం ఆ పలక కిందే పెట్టాను.

జూన్ 25న పేరు సరిచేయమని, తండ్రి పేరు, ఊరు చేర్చమని వార్ గ్రేవ్స్ కమిషన్‌కి రాశాను. కూపన్ల స్కాన్‌లు, వంశవృక్షం, తాత వాంగ్మూలం నోటరీ చేయించి జత చేశాను. నోటరీకి ఐదు వందలు. అందిందని నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. పరిశీలనకి నెలలు పడుతుందన్నారు. ఇంకా రాలేదు. ఆ కాలం నాటి కాగితమే వాళ్లకి ముఖ్యం, కాబట్టి ఇంట్లో పాత ట్రంకుపెట్టెలు, పుస్తకాల మధ్య ఒకసారి వెతకండి, దయచేసి ఏదీ పారేయకండి.

చనిపోయిన తిథి తెలియక ఇన్నేళ్లూ మా ఇంట్లో చిన్న ముత్తాతకి మహాలయ అమావాస్య నాడే తర్పణం వదిలేవాళ్లం. ఆగస్టులో తేదీ పట్టుకుని పురోహితుడు గారి దగ్గరికి వెళ్తే పాత పంచాంగం లెక్క చూసి చెప్పారు, ఆశ్వయుజ బహుళ పంచమి. తాత అది విని వేళ్ల మీద లెక్కపెట్టాడు. తదియ అట్లతద్ది. "ఆ ఏడు మా అమ్మా, చిన్నమ్మా కలిసి నోచారురా. నేను చిన్నమ్మ ఒళ్లో కూర్చుని ఉయ్యాల ఊగాను" అన్నాడు. తర్వాత చాలా సేపు మాట్లాడలేదు.

అక్టోబరు 11, శనివారం, మొదటిసారి ఆయన తిథికే తద్దినం పెట్టాం. తాత మెట్లు దిగలేడు కాబట్టి వరండాలోనే పీట వేశాం. ట్రంకులోంచి ఆ దుప్పటి తీసుకురమ్మని, మడిచి తన పక్కన పెట్టించుకున్నాడు. పిండం పెట్టేటప్పుడు పేరు చెప్పమని పురోహితుడు గారు అడిగితే నేను చెప్పబోయాను. తాత నన్ను ఆపి, ఇంటిపేరుతో సహా, అప్పలతో సహా పూర్తి పేరు తనే చెప్పాడు.